చిత్రం స్పష్టంగా ఉంటే చాలదు, నేల మీద సరిచూడాలి

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ తూర్పు వైపు రెండు శాఖలుగా చీలుతుంది. అందులో ఒకటి ఘాజియాబాద్ జిల్లాలోని వైశాలి దగ్గర ముగుస్తుంది. రాజధాని ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకునే ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఉంటాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే ఫోన్ తెరవగానే ఈ ఇళ్లలో రెండు రకాల సమాచారం ఎదురవుతుంది. ఒకటి గాలి నాణ్యత పటం. వైశాలి మీద ఎరుపో, ఊదానో, అంతకన్నా ముదురు రంగో పులిమి ఉంటుంది. రెండోది గుండె ఆరోగ్యం గురించి బంధువులు పంపిన సందేశం. ఫలానా నూనె మానేయండి, ఫలానా గింజలు తినండి, గుండెపోటు దగ్గరకు రాదు అంటుంది.

రెండింటిలోనూ సందేహానికి చోటు కనిపించదు. పటంలో ప్రతి వీధికీ ఒక రంగు ఉంది. సందేశంలో ప్రతి పదార్థానికీ ఒక తీర్పు ఉంది. అయితే ఆ రంగులో కొలిచిందెంత, లెక్కగట్టి నింపిందెంత? ఆ తీర్పులో మనుషుల మీద పరీక్షించి తేల్చిందెంత, ఊహించిందెంత? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ.

ఉపగ్రహ చిత్రాలను మెరుగుపరిచే శాస్త్రం, ఆహారంతో గుండె జబ్బును నివారించే శాస్త్రం ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కానీ రెండింటికీ ఉన్న ప్రమాదం ఒక్కటే. స్పష్టంగా కనిపించేదంతా నిజమని నమ్మేయడం. రెండింటికీ విరుగుడు కూడా ఒక్కటే. నేల మీదకు దిగి సరిచూసుకోవడం. ఆ పనిని పక్కనపెట్టి చిత్రాలకూ సలహాలకూ మెరుగులు దిద్దుతూ పోతే చివరికి నష్టపోయేది వాటిని నమ్ముకున్న సామాన్యులే.

చిత్రానికి పదును పెట్టడమంటే

1988 మార్చి 17న భారత్ తన మొదటి కార్యాచరణ రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏను పంపింది. దానిలోని ఒక కెమెరాకు 72.5 మీటర్ల చదరం ఒక చుక్కగా కనిపించేది. అంటే దాదాపు ఎకరం ముప్పై సెంట్ల భూమి మొత్తానికి ఒకే రంగు. అందులో సగం వరి, సగం చెరువుగట్టు ఉన్నా ఆ కెమెరాకు తెలిసేది వాటి సగటే. 2019 నవంబర్ 27న వెళ్లిన కార్టోశాట్-3 నలుపు తెలుపు కెమెరాకు 30 సెంటీమీటర్ల లోపు వివరం కూడా అందుతుంది. మూడు దశాబ్దాల్లో సాధించిన ఈ ప్రగతిలో, ఆ సమాచారాన్ని అందుకుని సరిదిద్ది పంచుతున్న హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) పాత్ర పెద్దది. షాద్‌నగర్‌లోని దాని కేంద్రం ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుంది. 2009లో మొదలైన భువన్ పోర్టల్ ఆ చిత్రాలను ప్రజల ముందుకు తెచ్చింది.

అయితే అన్ని సుగుణాలూ ఒకే ఉపగ్రహంలో ఉండవు. సన్నని వివరం చూపే కెమెరా ఒకసారికి తక్కువ ప్రాంతాన్నే చూస్తుంది. అందుకే అదే చోటికి మళ్లీ రావడానికి దానికి ఎక్కువ రోజులు పడుతుంది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లో 23.5 మీటర్ల వివరమిచ్చే కెమెరా ఒకే చోటిని 24 రోజులకోసారి చూస్తే, 56 మీటర్ల కెమెరా అయిదు రోజులకోసారి చూస్తుంది. పంటకు తెగులు సోకినా, వరద వచ్చినా 24 రోజులు ఆగడం కుదరదు. కాబట్టి తరచుగా వచ్చే మసక చిత్రాన్ని స్పష్టంగా మార్చే పద్ధతుల కోసం శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు.

ఈ పద్ధతులను అర్థం చేసుకోవడానికి పాతకాలం ఫొటో స్టూడియోను గుర్తు చేసుకోవచ్చు. తాతగారి పాడైపోయిన ఫొటోను స్టూడియోకు ఇస్తే అక్కడ మూడు రకాల పనులు జరిగేవి. మొదటిది, దుమ్ము తుడిచి వెలుగునీడలు సరిచేయడం. ఉపగ్రహ చిత్రంలో పొగమంచు ప్రభావాన్ని తొలగించడం, కాంట్రాస్ట్ పెంచడం ఇలాంటివే. ఇక్కడ కొత్తగా చేరేదేమీ లేదు. ఉన్నదే బయటపడుతుంది. రెండోది, అదే మనిషి మరో ఫొటోలోని వివరాన్ని తెచ్చి కలపడం. నలుపు తెలుపు కెమెరా ఇచ్చిన సన్నని గీతలను, రంగుల కెమెరా ఇచ్చిన రంగులతో కలిపే పాన్-షార్పెనింగ్ ఈ కోవలోది. ఇక్కడ వివరం మరో పరికరం నుంచి వచ్చింది కాబట్టి దానికి ఆధారం ఉంది.

మూడోది వేరు. ఫొటోలో మీసం చెరిగిపోయింది. ఆ వయసు మగవాళ్ల మీసాలు ఎలా ఉంటాయో చిత్రకారుడికి తెలుసు కాబట్టి గీసేస్తాడు. కృత్రిమ మేధతో నడిచే సూపర్ రిజొల్యూషన్ పద్ధతుల్లో చాలావాటి పని ఇదే. లక్షల చిత్రాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్, మసక చుక్కల మధ్య ఏం ఉండే అవకాశం ఎక్కువో అంచనా వేసి నింపుతుంది. ఒకే మసక చిత్రానికి దారితీయగల స్పష్టమైన చిత్రాలు ఎన్నో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ప్రోగ్రామ్ ఎంచుకుంటుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన ఒక ప్రోగ్రామ్‌కు బరాక్ ఒబామా మసక ఫొటో ఇస్తే, అది ఒక తెల్లజాతి వ్యక్తి ముఖాన్ని చక్కగా తీర్చి చూపించింది. ముఖంలో లోపం లేదు. కాకపోతే ఆ ముఖం ఒబామాది కాదు.

పొలాల విషయంలోనూ ఇదే జరగవచ్చు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. అది కూడా చాలాచోట్ల ముక్కలుగా ఉంటుంది. గట్ల మీద కంది, పొలంలో వరి, మూలన నాలుగు కొబ్బరిచెట్లు. పెద్దపెద్ద చదరపు పొలాలున్న దేశాల చిత్రాలతో నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు ఈ నేలను చూపిస్తే లేని గట్లను గీయవచ్చు, ఉన్న గట్లను చెరిపేయవచ్చు.

ఆ గట్టు మీద డబ్బు ఆధారపడి ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కల్లో సాంకేతిక అంచనాలకు కనీసం 30 శాతం వాటా ఇస్తున్నారు. మిగతా భాగం పొలంలో చేసే పంటకోత ప్రయోగాల మీదే ఆధారపడింది. ఇది తెలివైన ఏర్పాటు. ఆకాశం నుంచి వచ్చిన అంచనా పక్కన నేల మీది కొలతను నిలబెట్టడం ఇందులోని బలం. ముందుముందు ఈ రెండో భాగాన్ని ఖర్చు పేరుతో తగ్గించుకుంటూ పోతే ఆ బలం పోతుంది.

ఉపగ్రహం చూడనిది

వైశాలి గాలి పటం విషయానికి వస్తే, ఈ ప్రాంతం చుట్టుపక్కల వసుంధరలో, ఇందిరాపురంలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. అవి కొలిచేది తమ చుట్టూ ఉన్న గాలిని మాత్రమే. మధ్యలోని వీధులకు రంగు వేయాలంటే లెక్క కట్టాలి. చాలా పటాలు ఇందుకు ఉపగ్రహ సమాచారాన్ని వాడతాయి. ఉపగ్రహం కొలిచేది నేల నుంచి వాతావరణం పైభాగం దాకా ఉన్న మొత్తం ధూళి కాంతిని ఎంత అడ్డుకుంటోందనేది. మనిషి పీల్చేది మాత్రం నేలకు అయిదారు అడుగుల ఎత్తులోని గాలి. మొదటిదాని నుంచి రెండోది రాబట్టాలంటే ఆ రోజు గాలిలో తేమ ఎంత, కాలుష్యం ఎంత ఎత్తు వరకు కలిసిపోయింది వంటివి తెలియాలి. పైగా కాలుష్యం ఎక్కువగా ఉండే చలికాలంలోనే పొగమంచు, మబ్బు కమ్ముకుని ఉపగ్రహానికి నేల కనిపించని రోజులు ఎక్కువ. ఎంతో అవసరమైన రోజునే సమాచారం అందదు. ఆ ఖాళీని అంచనాతో పూరిస్తారు. ఫోన్‌లో చూసేవారికి మాత్రం కొలిచిన రంగూ పూరించిన రంగూ ఒకేలా కనిపిస్తాయి.

పంట వ్యర్థాల దహనం మరో ఉదాహరణ. పంజాబ్, హరియాణాల్లో మంటల సంఖ్యను ఎక్కువగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటే ఉపగ్రహాల చిత్రాల నుంచి లెక్కిస్తారు. ఆ సంఖ్య తగ్గుతున్నా ధూళి అంతగా తగ్గకపోవడంతో పరిశోధకులకు అనుమానం వచ్చింది. రోజంతా ఒకే ప్రాంతాన్ని గమనించే భూస్థిర ఉపగ్రహాల చిత్రాలు చూస్తే, చాలా మంటలు ఆ సమయం దాటాక మొదలవుతున్నట్లు 2024లో వెల్లడైంది. కెమెరాలో లోపం లేదు, చిత్రంలో మసక లేదు. చూసిన వేళే వేరు. ఎంత పదును పెట్టినా, తీయని చిత్రంలోని మంట కనిపించదు.

గుండెకు సంబంధించిన లెక్కలు

ఈ గాలి చివరికి చేరేది ఊపిరితిత్తులకే కాదు, గుండెకు కూడా. దేశంలో 1990లో మొత్తం మరణాల్లో 15.2 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులు కారణం. 2016 నాటికి అది 28.1 శాతానికి చేరింది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి 2007లో వెలువడిన విశ్లేషణ ప్రకారం దక్షిణాసియాలో మొదటి గుండెపోటు వచ్చేవారి మధ్యస్థ వయసు 53 ఏళ్లు. ఇతర ప్రాంతాల్లో అది సుమారు 59. అంటే ఇక్కడ ఆరేళ్లు ముందే వస్తోంది. పిల్లల చదువులు, ఇంటి అప్పులు ఇంకా తీరని వయసు అది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు దేశంలోని మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరైన ఆహారం లేకపోవడం వల్లేనని అంచనా వేశాయి. అందులో 17 సూచనలున్నాయి. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినాలని, ఉప్పు 5 గ్రాములు దాటకూడదని చెబుతాయి. మూడుపూటలా అన్నమే ప్రధానమైన ఇళ్లకు ఇది పెద్ద మార్పే.

ఇలాంటి సూచనలకు పునాది కూడా కొలతే. 528 ఆహార పదార్థాలను దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి సేకరించి, పరీక్షించి ఎన్ఐఎన్ 2017లో ఆహార పదార్థాల పోషక పట్టికలను ప్రచురించింది. తోటకూరలో ఏముందో, రాగుల్లో ఏముందో పరాయి దేశపు పుస్తకం చూసి రాసుకోవలసిన అవసరం దాంతో తప్పింది. అయితే పదార్థంలో ఏముందో తెలియడం ఒక మెట్టు. మనిషి నిజంగా ఏం తింటున్నాడో తెలియడం రెండో మెట్టు. అలా తింటే గుండెకు ఏమవుతుందో తేల్చడం మూడో మెట్టు. పైకి వెళ్లేకొద్దీ భారతీయ ఆధారాలు తగ్గిపోతాయి.

ఉన్నవాటిలో ఒకటి 2004లో ప్రచురితమైంది. ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రుల్లో 350 మంది గుండెపోటు రోగుల ఆహారాన్ని, గుండె జబ్బు లేని 700 మంది ఆహారంతో పోల్చారు. ఆకుకూరలు, ఇతర కూరగాయలు ఎక్కువగా తినేవారిలో, వంటకు ఆవనూనె వాడేవారిలో ముప్పు తక్కువగా కనిపించింది. విలువైన అధ్యయనమే. కానీ ఇది కూడా గడిచిన కాలపు తిండిని గుర్తు చేసుకుని చెప్పిన సమాధానాల మీద ఆధారపడింది. ఆకుకూరలు తినేవారు నడక వంటి ఇతర మంచి అలవాట్లూ ఉన్నవారు కావచ్చు. పరిశోధకులు లెక్కల్లో అలాంటి తేడాలను సర్దుబాటు చేస్తారు. అది మసక చిత్రాన్ని శుభ్రం చేయడం లాంటిది. అవసరమే కానీ పూర్తి సమాధానం కాదు. ‘ఆవనూనె గుండెపోటును ఆపుతుంది’ అని దీని ఆధారంగా రాసిన సందేశం, ఫొటోలో లేని మీసం గీసినట్లే.

రెండు పరిశోధనల పాఠం

పూర్తి సమాధానానికి దగ్గరగా తీసుకెళ్లేవి, మనుషులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేసి వేర్వేరు ఆహారం ఇచ్చి చూసే ప్రయోగాలు. అలాంటిది ఒకటి వైశాలి ఉన్న ఉత్తరప్రదేశ్‌లోనే, మురాదాబాద్ నుంచి వచ్చింది. వెయ్యిమంది మీద చేసినట్లు చెప్పిన ఆ పరిశోధన 2002లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ముడిధాన్యాలు, పండ్లు, కూరగాయలు, బాదం, వాల్‌నట్లు, ఆవ లేదా సోయా నూనెతో కూడిన ఆహారం గుండె జబ్బు ఘటనలను దాదాపు సగానికి తగ్గించిందని అది చెప్పింది. అంత స్పష్టమైన ఫలితం అరుదు. ప్రపంచమంతా దాన్ని ఉదహరించింది. ఆ పరిశోధన మూల రికార్డులను సరిచూడడం సాధ్యం కాకపోవడంతో 2005లో లాన్సెట్ స్వయంగా దాని విశ్వసనీయతపై ఆందోళన ప్రకటించాల్సి వచ్చింది. ఫలితం తప్పని ఎవరూ నిరూపించలేదు. సరైనదని చూపే దారీ మిగలలేదు. భారతీయుల ఆహారం గురించి అంత ముఖ్యమైన ప్రశ్నకు దొరికిన సమాధానం అలా చేజారింది.

స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ పరిశోధన కథ మరోలా సాగింది. ఆలివ్ నూనె, గింజలతో కూడిన మధ్యధరా ఆహారాన్ని 7,447 మంది మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత కొందరిని లాటరీ ప్రకారం కాకుండా జట్లలో చేర్చినట్లు బయటపడింది. పరిశోధకులు 2018లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుని, మొత్తం సమాచారాన్ని తిరిగి విశ్లేషించి, తప్పు ఎక్కడ జరిగిందో వివరిస్తూ మళ్లీ ప్రచురించారు. ముప్పు దాదాపు 30 శాతం తగ్గిందన్న అంచనా నిలబడింది. కాకపోతే దాన్ని మునుపటికన్నా జాగ్రత్తగా చెప్పారు. మూల రికార్డులు భద్రంగా ఉన్నందువల్లే ఇది సాధ్యమైంది. తప్పు జరగడం శాస్త్రాన్ని దెబ్బతీయదు. తప్పును వెతకడానికి వీల్లేకపోవడం దెబ్బతీస్తుంది.

ఉప్పు దగ్గర తేలిన నిజం

నేల మీది కొలత ఎంత పనికొస్తుందో ఉప్పు విషయంలో చూడవచ్చు. ‘మేం ఉప్పు తక్కువే తింటాం’ అని దాదాపు ప్రతి ఇల్లూ అంటుంది. అడిగి తెలుసుకుంటే వచ్చే సమాధానం అదే. కానీ తిన్న సోడియంలో అత్యధిక భాగం మూత్రంలో బయటికి వస్తుంది. ఒక రోజంతా మూత్రాన్ని సేకరించి పరీక్షిస్తే మాటతో పనిలేకుండా లెక్క తేలుతుంది. సేకరించేవారికీ ఇచ్చేవారికీ ఇబ్బందికరమైన పనే. అయినా ఢిల్లీ-హరియాణాలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ కలిపి 1,395 మందితో చేసిన అటువంటి సర్వే 2017లో వెలువడింది. రోజుకు సగటున ఢిల్లీ-హరియాణాలో సుమారు 8.6 గ్రాములు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు.

ఇందులో మరో కీలక విషయం ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ ఆహారం నుంచి వస్తుంది. అక్కడి విధానం కంపెనీలను కట్టడి చేయడం మీద సాగుతుంది. ఇక్కడ మాత్రం అత్యధిక భాగం ఇంటి వంటలో వేసినదే. పప్పులో, చారులో, కూరలో, పక్కన వేసుకునే ఆవకాయలో ఉంది. ఆ దేశాల చిత్రాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే మందు వేరే చోట రాసినట్లవుతుంది. వైశాలిలోని తెలుగు ఇంటికి పచ్చడి జాడీ ఊరి నుంచి వస్తుంది. దాని మీద ఏ లేబులూ ఉండదు.

పరిష్కారాలనూ ఇలాగే పరీక్షించాలి. చైనాలో 600 గ్రామాల్లో, దాదాపు 21 వేలమంది మీద జరిగిన ప్రయోగంలో, సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గినట్లు 2021లో తేలింది. అక్కడా ఉప్పు ఎక్కువగా ఇంటి వంటలోదే కాబట్టి ఆ ఫలితం ఇక్కడివారికి దగ్గరగా ఉంటుంది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి పొటాషియం ప్రమాదం కావచ్చు. తమకు కిడ్నీ సమస్య ఉందని తెలియనివారు ఉన్న చోట దాన్ని ఎలా పంచాలన్నది ఇక్కడే, ఇక్కడి మనుషులతోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఆకాశం, పళ్లెం కలిసిన చోటు

ఈ రెండు శాస్త్రాలూ కలిసిన చోటు తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987-90 మధ్య ఎన్ఐఎన్ ఒక ప్రయోగం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగతా 14 గ్రామాల్లో ఆ పథకం ఇంకా మొదలుకాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షిస్తే, ఆహారం అందిన గ్రామాల్లోని పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారని, వారి ధమనుల్లో బిరుసుదనం తక్కువగా ఉందని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అంగన్‌వాడీలో పెట్టిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనిపించడం ఆశ కలిగించే విషయం. అయినా పరిశోధకులు అక్కడితో ఆగలేదు. వారు యౌవనంలోకి వచ్చాక మరోసారి చూశారు. అప్పటికి గుండెకు ఆ మేలు నిలిచినట్లు కనిపించలేదని 2020లో ప్రకటించారు. మొదటి ఫలితం దగ్గరే ఆగి ఉంటే ఈ విషయం ఎవరికీ తెలిసేది కాదు.

అదే గ్రామాల్లో తల్లిదండ్రులనూ కలుపుకుని అధ్యయనం కొనసాగింది. ఊరు పట్టణంగా మారుతున్న తీరును అంచనా వేయడానికి రాత్రివేళ దీపాల కాంతిని చూపే ఉపగ్రహ చిత్రాలను కూడా వాడారు. ఊరి వెలుగు పెరగడమంటే రోడ్లు, దుకాణాలు, బండ్లు పెరగడం. దాంతోపాటు తిండి, శ్రమ మారడం. అయితే పాత రాత్రి చిత్రాల్లో నగరం వెలుగు పక్క ఊళ్ల మీదికి పొంగినట్లు కనిపిస్తుంది. అందుకే ఆ చిత్రాన్ని ఊళ్లోని వాస్తవంతో కలిపి చదవాలి.

ఆ తర్వాత ‘చాయ్’ అనే పొట్టిపేరుతో ఇదే గ్రామాల్లో గాలి కాలుష్యానికి, గుండె ఆరోగ్యానికి ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. పరిశోధకులు గాలి నమూనాల లెక్కలతోనే సరిపెట్టుకోలేదు. కొందరు గ్రామస్థుల ఒంటికి ధూళిని కొలిచే పరికరాలు, చిన్న కెమెరాలు తగిలించి, ఎవరు ఎప్పుడు పొయ్యి దగ్గర ఉన్నారో, ఎప్పుడు రోడ్డు మీద ఉన్నారో చూశారు. ఆ ఊళ్లలో బయటి గాలిలో పీఎం 2.5 ధూళి సగటున ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. ఇది దేశంలో అనుమతించిన వార్షిక హద్దు 40 కన్నా తక్కువే. అయినా ధూళి ఎక్కువగా ఉన్నచోట మెడలోని ధమని గోడ మందంగా ఉండే ధోరణి కనిపించింది. ఆకుపచ్చ రంగు వేసిన చోట కూడా గుండెకు భద్రత ఉందని అనుకోలేమని దీని అర్థం.

చేయాల్సిన పనులు

ఇదంతా విన్నవారు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. అన్నీ కొలిచి తేల్చేదాకా ఆగితే ఈలోగా ఎందరో చనిపోతారు కదా అని. అభ్యంతరం న్యాయమైనదే. అందుకే తేలినవాటిని తేలనివాటి నుంచి విడదీయాలి. ఉప్పు తగ్గించడం, కూరగాయలు పెంచడం, పొగాకు మానడం, ట్రాన్స్ కొవ్వులను తొలగించడం వంటివాటికి ఆగాల్సిన పనిలేదు. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉంది. గట్టి ఆధారం మీద తీసుకున్న గట్టి నిర్ణయం అది. వరద ముంచెత్తినప్పుడు మసక చిత్రంతోనైనా పడవలు పంపాలి. కానీ అదే మసక చిత్రంతో ఒక రైతుకు బీమా నిరాకరించకూడదు. ఒక అధ్యయనంతోనే ఒక నూనెను అమృతమనో విషమనో ప్రకటించకూడదు. నిర్ణయం ఎంత బరువైనదైతే దాని కింద అంత కొలత ఉండాలి.

ఇందుకు కొన్ని ఏర్పాట్లు అవసరం. మెరుగుపరిచిన ప్రతి ఉపగ్రహ చిత్రంతోపాటు ఎక్కడ కొలిచారో, ఎక్కడ పూరించారో, పొరపాటుకు ఎంత అవకాశం ఉందో తెలిపే మరో పటం ఉండాలి. ప్రజల డబ్బుతో చేసే ఆహార పరిశోధనల మూల రికార్డులను, వ్యక్తుల గోప్యతను కాపాడుతూనే, ఒక ప్రభుత్వ భాండాగారంలో ఉంచాలి. కొత్త ఉపగ్రహానికి, కొత్త కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌కు నిధులిచ్చే ప్రతిసారీ వాటిని సరిచూసే నేల కొలతలకూ అందులోనే వాటా కేటాయించాలి. పొలంలో పంటకోత చూసే వ్యక్తి, గాలి యంత్రంలో ఫిల్టర్ మార్చే వ్యక్తి, ఇంటింటికీ తిరిగి నమూనాలు సేకరించే ఆరోగ్య కార్యకర్త ఈ శాస్త్రానికి అసలైన ఆధారం. వారి పేర్లు పత్రికల్లో రావు, వారి జీతాలే ముందు కోతకు గురవుతాయి.

ఎన్ఆర్ఎస్‌సీ, ఎన్ఐఎన్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒకటి ఏ జిల్లాలో ఏ పంట ఎంత పండుతోందో ఆకాశం నుంచి చూడగలదు. మరొకటి ఆ పంట పళ్లెంలోకి వచ్చాక శరీరంలో ఏమవుతుందో చెప్పగలదు. కూరగాయల సాగు తగ్గిన మండలాల్లో కూరగాయల తిండి కూడా తగ్గిందా, తగ్గితే రక్తపోటు పెరిగిందా అన్న ప్రశ్నకు ఈ రెండూ కలిస్తేనే సమాధానం దొరుకుతుంది. 29 గ్రామాల్లో జరిగిన ఆ పనిని మరిన్ని జిల్లాలకు తీసుకెళ్లడం అసాధ్యమేమీ కాదు.

వైశాలిలో రేపు పొద్దున కూడా ఫోన్‌లో పటం రంగులతో వెలుగుతుంది, ఆహార సందేశం మరొకటి వస్తుంది. రెండింటినీ కొట్టిపారేయనక్కర్లేదు. దగ్గరలోని కొలత కేంద్రం అంకె ఎంతో పటం పక్కన చూసుకోవచ్చు. సందేశం చెప్పిన విషయాన్ని ఎవరి మీద, ఎంతకాలం పరీక్షించారో అడగవచ్చు. ఏడాదికోసారైనా రక్తపోటు చూపించుకోవచ్చు. నెలకు ఇంట్లో ఎంత ఉప్పు ఖర్చవుతోందో, ఎందరు తింటున్నారో లెక్కవేసుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో రోజుకు మనిషికి అయిదు గ్రాముల చొప్పున నెలకు 600 గ్రాములు అవుతుంది. అందులోనే పచ్చళ్లలో, ప్యాకెట్లలో ఉన్న ఉప్పు కూడా కలవాలి. నెలకు కిలో ప్యాకెట్ ఖాళీ అవుతుంటే, ఆ ఇంటికి తన గుండె గురించి ఏ ఉపగ్రహమూ ఏ సందేశమూ చెప్పని ఒక నిజం వంటింట్లోనే తెలిసినట్లు.